తోడు వెయ్యని గోడలు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. నా బిడ్డ నాకంటే ముందు ముసలివాడైపోతాడేమోనని.

తామ్రధార రాజ్యానికి రాణిని, ఇంత దేశం చూసుకోవలసిన మనిషికి ఇదేం భయం అనుకుంటారు. మా వారు విజయకేతు మహారాజు సముద్రపు దొంగలను అణచడానికి నావలెక్కి వెళుతూ తన ముద్రుంగరం నా వేలికి తొడిగి, "నందయంతీ, ఊరు జాగ్రత్త, బిడ్డ జాగ్రత్త" అన్నారు. ఆ రెండూ వేరు వేరు పనులనే అప్పుడు అనుకున్నాను.

ఆ ఉదయం దాది రంగసాని మా ఉదయకేతుడికి నలుగు పెడుతూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేసింది. వాడికింకా పళ్ళు పూర్తిగా రాలేదు. గోడ పట్టుకుని నిలబడడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు.

"ఏమైంది రంగసానీ?"

"ఏం లేదమ్మా. సున్నిపిండి అంటుకుందనుకుంటా."

బొటనవేలితో రుద్దింది. తడిబట్ట తెచ్చి మళ్ళీ రుద్దింది. పోలేదు. నుదుటి మీద పడే ముంగురుల్లో ఒక పాయ జనపనారలా తెల్లగా ఉంది. వాణ్ణి నా ఒళ్ళోకి లాక్కున్నాను. వాడు నా ముఖంలోకి చూసి, అరుగు మీద కూలబడిన పెద్దాయన విడిచినట్టు ఒక నిట్టూర్పు విడిచాడు. పాల వాసన రావలసిన ఆ నోటి నుంచి చాన్నాళ్ళు మూసి ఉంచిన గది వాసన వచ్చింది.

గవాక్షం దగ్గరకు పరిగెత్తాను. కింద వీధిలో ఒక చిన్నపిల్ల మెట్టు మీద కూర్చుని మోకాలు పాముకుంటూ తన చెక్కబొమ్మతో, "వాన పట్టేట్టుందే, కీళ్ళు లాగేస్తున్నాయి" అంటోంది. గుమ్మంలో నిలబడిన తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఆ పిల్లనే చూస్తోంది.

ఇది ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. వరదమేడ దక్షిణపు సగం కొత్తదైన మర్నాటి నుంచి.

మా రాజధానిని కరాళీ నది మూడు పక్కలా చుట్టుకుని పారుతుంది. అది పొంగినప్పుడు ఊరు ఊరంతా వెళ్ళి తలదాచుకునే చోటు వరదమేడ. ఎప్పటి రాజులో నల్లరాతి గుట్ట మీద కట్టించారు. ఏనుగుల తలల మీద నిలిచిన స్తంభాలు, ఆ స్తంభాలను అల్లుకున్న రాతి తీగలు, తీగల మధ్య తొంగిచూసే రాతి చిలకలు, వాన పడితే నోటి నుంచి నీరు కక్కే మకరాలు, పైన ఆకాశాన్ని అద్దంలా పట్టి చూపే నున్నటి గచ్చు. ఎన్నో వరదలు కాచిన మేడ. చివరికి గోడలు బీటలిచ్చి, బీటల్లో రావిమొక్కలు మొలిచి, దూలాలు కుంగడం మొదలుపెట్టాయి. పడగొట్టి కొత్తది కడదామన్నారు మంత్రులు. వద్దని, ఉన్నదాన్నే బాగుచేయమన్నాను. సున్నపు గానుగ నడిపే సూరమ్మనూ ఆమె మనుషులనూ పిలిపించాను. ఉత్తరపు సగం వాళ్ళు ఒక్కొక్క రాయీ తీసి, తీసినచోటే మళ్ళీ పెడుతూ నిలబెట్టారు. దక్షిణపు సగం మొదలుపెట్టేలోగా కొండల మీద కారుమబ్బు అకాలంగా కనబడింది. సరిగ్గా అప్పుడే నిర్జరభట్టు అనే సిద్ధుడు కొలువుకు వచ్చాడు. మీరు నిద్రపోయి లేచేలోగా కట్టి ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా.

ఇక మిగిలింది ఉయ్యాల. మా రాజ్యంలో ఒక కట్టడి ఉంది. పాత కట్టడాన్ని ఎవరు బాగుచేయిస్తారో వాళ్ళ బిడ్డ ఉయ్యాలే ముందుగా అక్కడి దూలానికి కట్టాలి. ఆ బిడ్డ అందులో నిద్రపోయాకే మిగతా జనం గడప దాటుతారు. వరద మెడదాకా వచ్చినా సరే, ఉయ్యాల కట్టని మేడలో ఎవరూ అడుగుపెట్టరు. ఉత్తరపు సగంలో మా వాడి ఉయ్యాల అది పూర్తయినప్పుడే కట్టాం. దక్షిణపు సగానికి ముహూర్తం ఆ రోజు మిట్టమధ్యాహ్నానికే పెట్టారు.

నేను ముహూర్తం దాకా ఆగలేదు. తెల్లపాయ కనబడిన వెంటనే దక్షిణపు సగానికి వెళ్ళాను.

ఎంత అందం. తామరపూల రంగు స్తంభాలు, వెన్న రాసినట్టున్న గోడలు, ఇప్పుడే ఉలి దిగినట్టున్న చిలకలు. కానీ ఏ గోడకూ వాసన లేదు. తడిసున్నం వాసన లేదు, రాతి వాసన లేదు. ఉత్తరపు సగం చూరు నిండా పిచ్చుకలు గోల చేస్తుంటే, ఈ పక్కకు ఎగిరివచ్చినవి గోడ దగ్గరగా వచ్చి వెనక్కి తిరిగిపోతున్నాయి. నేను నడుస్తుంటే నా అడుగుల చప్పుడు నాకు వినబడలేదు. ఎండ కిటికీలోంచి లోపలికి వచ్చింది గాని నేల మీద పడలేదు.

హాలు మధ్యలో నిర్జరభట్టూ, మా మంత్రి శంఖపాలుడూ నిలబడి ఉన్నారు. సిద్ధుడి ముఖం నూనూగు మీసాల కుర్రవాడిది. గొంతు మాత్రం ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు ఉంటుంది.

"సిద్ధులవారూ, ఈ రాళ్ళ పాతదనం ఎక్కడికి పోయింది?" అని అడిగాను.

"పారేస్తే పోయే వస్తువు కాదు మహారాణీ అది. ఎక్కడో ఒకచోట సర్దాలి." దాచే ప్రయత్నం కూడా చేయలేదు. "వాడని వయసు మీ ఊళ్ళో ఎవరి దగ్గర ఎక్కువుంది? పిల్లల దగ్గర. బోలెడు ఉంది. అందరి దగ్గరా తలా కాస్త సర్దాను. అడగడానికి వాళ్ళలో చాలామందికి ఇంకా మాటలు రావు కదా."

"మా వాడికి తెల్లవెంట్రుకలు వచ్చాయి."

"ఉయ్యాల కట్టండి, మిగిలింది కూడా సర్దుకుంటుంది. రాచబిడ్డ ఓపిక వేరు. ఒక్క నిద్రలో చాలా మోస్తాడు."

నా చెయ్యి మొలలోని బాకు మీదకు పోయింది. ఆయన దాన్ని చూసి నవ్వాడు. "నా ఊపిరి ఆగిన మరుక్షణం ఈ గోడలు పేలపిండిలా రాలిపోతాయి. పైన మబ్బు చూశారా? ఊరంతటినీ ఎక్కడ పెట్టుకుంటారు?"

శంఖపాలుడు తలెత్తలేదు. "మహారాణీ, ఉత్తరపు సగంలో ఊరంతా పట్టదు. పిల్లలు కాస్త ముదిరితేనేం, బతికి ఉంటారు."

"మీ మనవరాలు ఎలా ఉంది మంత్రిగారూ?"

"పొద్దున్న నన్ను 'నాయనా' అని పిలిచింది. నన్ను కన్నతల్లి పిలిచినట్టు పిలిచింది" అని కళ్ళు తుడుచుకున్నాడు.

అక్కడినుంచి తిన్నగా మేడ వెనకనున్న సూరమ్మ గానుగ దగ్గరకు వెళ్ళాను. ఎద్దులు గుండ్రంగా తిరుగుతున్నాయి. రాతిచక్రం కింద సున్నం వెన్నలా నలుగుతోంది. నానిన కరక్కాయలూ బెల్లపు నీళ్ళూ కలిసిన వగరు తీపి వాసన పీల్చగానే ప్రాణం లేచివచ్చింది.

"ఏంటి రాణమ్మా, ముఖం అట్టా వేలాడేసుకొచ్చారు? పోయిన అత్తగారు గానీ లేచొచ్చారా?" అంది సూరమ్మ. ఆమె ఎవరితోనైనా అలాగే మాట్లాడుతుంది. మహారాజుతో ఇంకా ఎక్కువ.

జరిగింది చెప్పాను. నవ్వడం మానేసింది. దక్షిణపు గోడ దగ్గరకు నడిచి, నాలుక చాపి రాతి అతుకు మీద పెట్టి చూసి, ఉమ్మేసింది.

"ఇందులో తోడు లేదు."

"తోడేమిటి సూరమ్మా?"

"పాలకు దేంతో తోడేస్తారు? నిన్నటి పెరుగుతోనే కదా. గోడక్కూడా అంతేనమ్మా. పాత గోడలోంచి రాలిన గచ్చు దంచి, కొత్త సున్నంలో గుప్పెడు కలుపుతాం. అప్పుడా గోడ తన వయసు తను గుర్తుపడుతుంది. వీడు పాత గచ్చంతా ఊడ్చి అవతల పోయించాడు. ఇంక దాని వయసు ఇల్లు లేనిదైపోయి, ఎవరు దొరికితే వాళ్ళ మీదెక్కి కూర్చుంది."

"ఉత్తరపు గోడలో గచ్చు ఉంది కదా, అది వేద్దాం."

"పక్కింటి తోడేస్తే విరిగిపోద్ది. ఏ గోడది ఆ గోడకే. మూగలోయలో పోశారు దాన్ని. ఒక్క గంపెడు తెచ్చి దూలాల మొదట్లో మెత్తితే చాలు, వయసంతా గోడల్లోకి వచ్చేసి కిక్కురుమనకుండా సర్దుకుంటుంది. నా మాట నమ్మండి."

సూరమ్మ ఏది చెప్పినా అంత ధైర్యంగానే చెబుతుంది. నమ్మడం తప్ప నాకు వేరే దారి కూడా లేదు.

"సరే, పద. నేనే వస్తాను. భటులను పంపితే సిద్ధుడికి క్షణంలో తెలిసిపోతుంది."

రంగసానిని బిడ్డతో సహా ఉత్తరపు సగానికి పిలిపించాను. నేను వచ్చేదాకా ఎవరికీ ఇవ్వవద్దని చెప్పాను. చెప్పి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ చెప్పాను. "చెవులు బాగానే పనిచేస్తున్నాయమ్మా, వెళ్ళండి" అంది రంగసాని. నగలు మూటకట్టి, ముద్రుంగరం మాత్రం ముద్ర లోపలికి తిప్పి ఉంచుకుని, సూరమ్మ కోడలి పాత కోక చుట్టుకుని, ముఖానికి సున్నపుపొడి పూసుకున్నాను. తల మీద చుట్టకుదురు, దాని మీద గంప. నగరద్వారం దగ్గర నా సొంత భటుడే, "తప్పుకోవే, రాణిగారి పల్లకి వస్తుందేమో" అని నన్ను గెంటాడు.

మూగలోయకు ఆ పేరు ఊరికే రాలేదు. అక్కడ పిలిస్తే ప్రతిధ్వని రాదు. గాలి వీచినా గడ్డి చప్పుడు చేయదు. పట్టపగటి ఎండలో, ఒక్క కీటకం కూడా కూయని ఆ బోడి లోయలోకి దిగుతుంటే నా చెవులు మూసుకుపోయినట్టు అనిపించింది. కానీ లోయ అడుగున కొండలా పోసిన పాత గచ్చు పెళ్ళల దగ్గరకు చేరేసరికి మాటలు వినబడ్డాయి.

మొదట గుసగుస. తర్వాత గజ్జెల మోత. తర్వాత ఎవరిదో పురిటినొప్పుల మూలుగు, "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అంటూ మంత్రసాని గొంతు. "బియ్యం తడిసిపోయాయే" అని ఇంకెవరో. పిల్లల అంకెల పాట. దగ్గు. వరదమేడలో ఎన్నెన్నో వరదల్లో జనం మాట్లాడుకున్న మాటలన్నీ ఆ గచ్చులో ఇంకిపోయి ఉన్నాయి. ఇప్పుడు ఇల్లు లేక అన్నీ ఒక్కసారే మాట్లాడుతున్నాయి.

"చెవి పెట్టకండి. పెడితే సమాధానం చెప్పాలనిపిస్తుంది" అంది సూరమ్మ. అనేసి, తనే ఒక మూలకు తిరిగి, "వస్తన్నానమ్మా" అంది. జుట్టు పట్టుకుని ఇవతలికి లాగాను.

గంప సగం నిండిందో లేదో, గుట్ట వెనకనుంచి ముగ్గురు మనుషులు వచ్చారు. సిద్ధుడి పనివాళ్ళు. ముగ్గురూ పడుచువాళ్ళే, ముగ్గురిదీ ఒకటే ముఖం, ఒక్క అచ్చులో పోసి తీసినట్టు. ఆ కళ్ళకు రెప్పలు లేవు.

"ఎవరు మీరు? ఎందుకది?" అన్నాడు ఒకడు. గొంతు నూతిలోంచి వచ్చింది.

సూరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఎందుకేంటి నాయనా, మీ అమ్మ మిమ్మల్ని కనలేదా, కొండచిలువ కక్కిందా? మా కోడలికి నెల తప్పింది. పాతగోడ గచ్చు తినాలని కోరిక పుట్టింది. కడుపుతో ఉన్నవాళ్ళకు మట్టి మీదకు, బూడిద మీదకు, గచ్చు మీదకు మనసు పోద్ది. అదీ తెలవదా?"

"గంపెడా?"

"కవలలు."

వాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకోలేదు. ఒకే ముఖం కదా. ముగ్గురూ కలిసి నన్నే చూశారు.

"తినమను. చూస్తాం."

ఒక పెళ్ళ తీసుకుని కొరికాను. పొగ రుచి, ఉప్పు రుచి, తడి మసిగుడ్డ రుచి. మింగుతుంటే గొంతు పొడుగునా గీరుకుపోయింది. పెళ్ళ పట్టుకున్న నా కుడిచెయ్యి నా కళ్ళ ముందే ముడతలు పడింది. నరాలు పైకి తేలాయి. గోళ్ళు పసుపుబారాయి. నా వేలికి ఉన్న ముద్రుంగరం ఆ చేతికి వదులైపోయి జారబోతే పిడికిలి బిగించాను. ముగ్గురూ తల ఊపి పక్కకు తప్పుకున్నారు.

ఆ క్షణంలో గుట్టలోని గొంతులన్నీ ఆగిపోయాయి. ఒక్క ముసలావిడ గొంతు మాత్రం నా చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా వినబడింది.

"అమ్మాయ్, నీళ్ళు వచ్చేస్తున్నాయి. పిల్లల్ని పైకి తీసుకెళ్ళు."

అది ఎప్పటి వరద మాటో అనుకున్నాను. కానీ కాళ్ళ కింద నేల సన్నగా వణుకుతోంది. కొండల వైపు ఆకాశం కాటుక పూసినట్టు నల్లబడి ఉంది. దూరంగా కరాళి అరుస్తోంది.

పరిగెత్తాం. వాన మమ్మల్ని దారిలోనే పట్టుకుంది. గంప పైన తడిగోనె కప్పి, మాట మాట్లాడకుండా పరిగెత్తాం. నగరద్వారం దాటేసరికి వీధుల్లో నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. పెరటి చెట్ల కొమ్మల మీద కోళ్ళు ఎక్కి కూర్చున్నాయి. ఉత్తరపు సగం అప్పటికే కిక్కిరిసిపోయింది. మిగతా ఊరంతా దక్షిణపు ద్వారం ముందు మెట్ల మీద నిలబడి ఉంది. పిల్లలు భుజాల మీద, గంపల్లో, నెత్తిన పెట్టుకున్న గంగాళాల్లో. ఆ పిల్లల తలలు దూదిపువ్వుల్లా తెల్లగా ఉన్నాయి. ఒక్కరూ ఏడవడం లేదు. పెద్దవాళ్ళు వానను చూసినట్టు వానను చూస్తున్నారు.

ద్వారం బార్లా తెరిచి ఉంది. ఒక్కరు కూడా గడప దాటలేదు. ఉయ్యాల కట్టలేదు కదా.

శంఖపాలుడు నన్ను ఆ వేషంలో గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని చాటుకు లాక్కెళ్ళాడు. ఆయన ఉత్తరీయం కింద పసిపిల్లవాడంత దంతపు బొమ్మ ఉంది, పట్టుగుడ్డలో చుట్టి.

"దీన్ని ఉయ్యాలలో పెడదాం మహారాణీ. పైన తెర కప్పుదాం. ఎవరు చూడొచ్చారు? జనం లోపలికి వస్తారు, చినబాబు చల్లగా ఉంటాడు."

ఆ బొమ్మను చేతుల్లోకి తీసుకున్నాను. నిజం చెప్పాలంటే తీసుకుని గుండెకు హత్తుకున్నాను కూడా. చాలా మంచి ఉపాయం అది. మెట్ల మీద ఒక తల్లి నీళ్ళు నడుం దాటుతుంటే బిడ్డను ఇంకా పైకి ఎత్తి పట్టుకుని నా వైపు చూస్తోంది. రాణి ఎప్పుడొస్తుందా అని చూస్తోంది. నేనే రాణినని ఆమెకు తెలియదు.

"మంత్రిగారూ, ఈ కప్పు కింద మా వాణ్ణి పడుకోబెట్టలేని దాన్ని, ఆమె బిడ్డను ఎలా పడుకోబెట్టమంటాను?" అని బొమ్మ ఆయనకే ఇచ్చేశాను. "రంగసానిని పిలవండి."

సూరమ్మ అప్పటికే నేల మీద చతికిలబడి పాత గచ్చు దంచుతోంది. తడిసున్నంలో కలిపి, బెల్లపు నీళ్ళు చిలకరించి, ముద్ద చేసింది. హాలుకు ఎడమపక్కన ఒక చిన్నగది ఉంది. ముందు ఆ గది దూలానికి వేద్దామన్నాను. కోక గోచీ పెట్టి నిచ్చెనెక్కి, దూలం గోడలో దిగిన మొదట్లో నా ముసలిచేత్తోనే ముద్ద మెత్తాను. గోడ ఆ ముద్దను పసిబిడ్డ పాలు తాగినట్టు చప్పరించి లోపలికి లాక్కుంది. నిచ్చెన దిగుతుంటే గోడకు వాసన వచ్చింది. తడిసిన రాతి వాసన.

ఆ దూలానికే ఉయ్యాల కట్టించి, బిడ్డను తెచ్చి అందులో వేశాను. తల సగం నెరిసిపోయింది. వాడు నిద్రపోకుండా నా ముసలిచేతిని పట్టుకుని ముడతలు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూస్తున్నాడు. బయట మెట్ల మీద ఊరంతా నీళ్ళలో నిలబడి చెవులు రిక్కించి వింటోంది. పాట పాడాను. ఎప్పుడూ తప్పే చోట శ్రుతి తప్పుతూనే పాడాను. ఎంతసేపటికో వాడి వేళ్ళు వదులయ్యాయి.

"పడుకున్నాడు" అంది రంగసాని గుమ్మంలో నుంచి, మెల్లగా. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి మెట్ల చివరిదాకా పాకింది. జనం గడప దాటారు.

రంగసానిని ఉయ్యాల దగ్గర కూర్చోబెట్టి, నేనూ సూరమ్మా హాలులోని పెద్ద దూలానికి ముద్దలు మెత్తాం. మెత్తిన చోటునుంచి రంగు మారడం మొదలైంది. తామరపూల స్తంభాలు నల్లరాయిగా మారాయి. చిలకల ముక్కులు అరిగాయి. వెన్నలాంటి గోడల మీద పొగచూరు, నాచు, ఎవరో పసిపిల్లలు బొగ్గుతో గీసిన గీతలు ఒకదాని వెనక ఒకటి పైకి తేలాయి. పిచ్చుకలు వానలో తడుస్తూ లోపలికి దూసుకొచ్చాయి. వీపుల మీది పిల్లల జుట్టు కుదుళ్ళ నుంచి నల్లబడుతూ వచ్చింది. ఒక పిల్లవాడు ఉన్నట్టుండి గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు విని వాళ్ళమ్మ నవ్వింది, ఏడ్చింది. హాలంతా పిల్లల ఏడుపుతో దద్దరిల్లిపోయింది. ముడతలు పోయి నా చెయ్యి నాకు తిరిగి వచ్చింది.

జనం మధ్యలోంచి నిర్జరభట్టు నడిచి వచ్చాడు. ఆయనకు దారి ఇచ్చినవాళ్ళకు తాము ఎందుకు పక్కకు జరిగారో తెలియలేదు. ఇప్పుడాయన కుర్రవాడు కాడు. చెంపలు పీక్కుపోతున్నాయి. గోళ్ళంత పెద్ద చర్మపు పొరలు ముఖం మీదనుంచి ఊడి పడుతున్నాయి.

"గోడల వయసు గోడలకు ఇచ్చేశారు. బాగుంది" అన్నాడు. "ఇలాంటి గోడల చాటున నా వయసు కూడా ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు మోస్తూ వచ్చారు. ఇప్పుడది ఎవరు మోస్తారు మహారాణీ?" అని ఎడమపక్క చిన్నగది వైపు చూశాడు.

భటులు మీద పడేసరికి వాళ్ళ చేతుల్లో ఖాళీ కాషాయం మిగిలింది.

ఆయన ఊపిరితో నిలిచిన గోడలు రాలిపోలేదు. పాతబడి, తమంతట తాము నిలబడ్డాయి. కానీ సూరమ్మ చెప్పినట్టు కిక్కురుమనకుండా సర్దుకోలేదు. ఇన్ని ఏళ్ళు ఒక్కసారిగా మీదపడేసరికి పెద్ద దూలం మూలిగి, నడుం వంగింది. జనం తలల మీద గచ్చు రాలింది.

"గుంజ" అని అరిచింది సూరమ్మ.

మూలనున్న ఆసరా గుంజను ఇద్దరం ఈడ్చుకొచ్చి దూలం కింద నిలబెట్టాం. కింద తడి గచ్చు మీద అది జారిపోతోంది. దాన్ని భుజంతో నొక్కిపెట్టి నిలబడ్డాను. అటువైపు సూరమ్మ వీపు ఆనించింది. రెండో గుంజ కింద శంఖపాలుడు దూరాడు. ఆయన పట్టుపంచె బురదలో ఈడుస్తోంది.

"ముద్ద పట్టు బిగిసేదాకా వదలకండి. వదిలితే ఇందరి మీదా దిగుద్ది" అంది సూరమ్మ.

"నువ్వు సర్దుకుంటుందన్నావు."

"సర్దుకుంటోంది కదమ్మా. మన భుజాల మీద."

బయట నీళ్ళు పెరిగి చివరి మెట్టును అందుకున్నాయి. లోపల ఊరంతా గోడలకు అంటుకుని కూర్చుంది. ఎడమపక్క చిన్నగదిలోంచి జోలపాట వినబడుతోంది. హమ్మయ్య, వాడు లేవలేదు అనుకున్నాను.

అప్పుడే పెద్దద్వారంలోంచి, వానలో తడిసి ముద్దయి, పాలగిన్నె కొంగు కింద దాచుకుని రంగసాని లోపలికి వచ్చింది. నన్ను గుంజ కింద చూసి నిలబడిపోయింది.

"అదేంటమ్మా, మీరిక్కడున్నారు?"

"నువ్వెందుకు బయటికి వెళ్ళావు?"

"మీరే కదమ్మా వచ్చి, 'నేను కూర్చుంటాను, నువ్వెళ్ళి పాలు వెచ్చబెట్టుకు రా' అన్నారు."

చిన్నగదిలో పాట ఆగలేదు. అది నా పాటే. నా గొంతే. నేను శ్రుతి తప్పే చోట శ్రుతి తప్పుతోంది కూడా.

రంగసాని గిన్నె అక్కడే వదిలేసి ఆ గదిలోకి పరిగెత్తింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. పాట సాగుతూనే ఉంది. ఆమె మాట ఒక్కటి కూడా వినబడలేదు. తిరిగి రాలేదు.

దూలం మళ్ళీ మూలిగింది. నా పాదాల దగ్గరకు ఎవరి పసిపిల్లో పాకుతూ వచ్చి నా కోక అంచు పట్టుకుంది. ఈ కప్పు కింద ఎంతమంది పిల్లలున్నారో నేను తల తిప్పి చూడలేను. సూరమ్మ అటు తిరిగి ఉంది, ఆమె కదిలితే గుంజ జారుతుంది. నేను కదిలినా అంతే. జనంలో ఎవరినైనా పంపుదామంటే, అందరికీ వినబడుతున్నది తల్లి పాట. ఈ కోకలో నేను చెబితే నమ్మరు; రాణి గదిలో ఉందనుకుని ఆ తలుపు దగ్గరకు పోవడానికి జంకుతున్నారు.

నేను కదలలేను. చదువుతున్న మీరు కదలగలరు. హాలుకు ఎడమపక్కన, సన్నటి తలుపు. లోపల ఉయ్యాల పక్కన అచ్చం నాలాంటి మనిషి కూర్చుని ఉంటుంది. రమ్మని చెయ్యి ఊపుతుంది. ఆమెతో మాట పెట్టుకోకండి. తిన్నగా ఉయ్యాల దగ్గరకు వెళ్ళి, వంగి, మా ఉదయుడు ఎలా ఉన్నాడో ఒక్కసారి చూసి రండి.